ఏ బ్లూటూత్ మాడ్యూల్ కొనాలి? ముందు అవతలి ఫోను సంగతి చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్లుగా బెంగళూరులో, కృష్ణరాజపురంలో స్థిరపడ్డాము. నేను హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతాను. మా అబ్బాయి పీయూసీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. డాబా మీది ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో మెట్లెక్కకుండా ఫోనులో చూసుకునే ఏర్పాటు చేస్తానని వాడు ఆర్డుయినో ఊనో అనే ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సర్, హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్ కొన్నాడు. మావారి ఆండ్రాయిడ్ ఫోనుకు అది జత అయింది గానీ అంకెలకు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. నా ఐఫోనులో దాని పేరే కనిపించడం లేదు. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్.పి. రోడ్డులో అడిగితే ఐఫోనుకు హెచ్‌ఎం-10 కావాలన్నారు. అదీ తెచ్చాము. నా ఫోను సెట్టింగుల్లో అది కూడా కనిపించదు, మావారి ఫోనులో కనిపిస్తుంది గానీ జత కాదు. తరువాత ఫోనుతో నడిచే బొమ్మ కారు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు బోర్డులు చేయాలని వాడి కోరిక. ప్రతిసారీ ఇలా డబ్బు పోయకుండా అన్నింటికీ పనికివచ్చే మాడ్యూల్ ఒకటి చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, అన్నింటికీ పనికివచ్చే మాడ్యూల్ అని మీరు అడిగిన అర్థంలో ఒకటి లేదు. అయితే మీ ఉత్తరం చదివినంతవరకు మీ దగ్గర ఉన్న రెండు మాడ్యూళ్లూ చెడిపోయినవి కావని, ట్యాంకు పనికి హెచ్‌ఎం-10, కారు పనికి హెచ్‌సీ-05 సరిపోతాయని, ఇప్పుడు కొత్తగా కొనవలసినవి మూడు రెసిస్టర్లు మాత్రమేనని నాకు తోస్తున్నది. ఎందుకో వివరంగా చెబుతాను. ఆ కారణాలు తెలిస్తే రేపు దుకాణంలో మరో పేరుగల బోర్డు చూపించినా మీ అబ్బాయి తానే తేల్చుకోగలడు.

బ్లూటూత్ అనేది ఒక ఇంటిపేరు వంటిది. ఆ ఇంటిపేరుతో ఇప్పుడు రెండు కుటుంబాలు ఉన్నాయి, వాటి మధ్య మాటామంతీ లేదు. పాత కుటుంబాన్ని క్లాసిక్ బ్లూటూత్ అంటారు. కంప్యూటర్ వెనుక ఉండే పాత సీరియల్ పోర్టు తీగను తీసివేసి, ఆ తీగ ఇంకా ఉన్నట్టే రెండు పరికరాలను నమ్మించే పద్ధతి ఒకటి అందులో ఉంది. దాన్ని సీరియల్ పోర్ట్ ప్రొఫైల్, పొట్టిగా ఎస్‌పీపీ అంటారు. ఇటు ఒక అక్షరం వేస్తే అటు అదే అక్షరం వస్తుంది, మధ్యలో ఏం జరిగిందో మీ ప్రోగ్రాముకు తెలియనవసరం లేదు. హెచ్‌సీ-05, హెచ్‌సీ-06 ఈ కుటుంబానివి. 2004 నాటి బ్లూటూత్ 2.0 ప్రమాణానికి తయారైనవి ఇవి. రెండవ కుటుంబం 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చిన బీఎల్ఈ, అంటే తక్కువ విద్యుత్తుతో నడిచేది. గుండె చప్పుడు కొలిచే పట్టీ వంటివి చిన్న బ్యాటరీతో నెలల తరబడి పనిచేయాలన్న ఉద్దేశంతో దీన్ని రూపొందించారు కనుక ఇందులో తీగను అనుకరించే ప్రామాణిక ఎస్‌పీపీ లేనే లేదు. నోటీసు బోర్డు మీద చిన్న చీటీలు అంటించినట్టు సమాచారాన్ని ముక్కలుగా ఉంచితే అవతలివారు చదువుకుంటారు. హెచ్‌ఎం-10 ఈ కుటుంబానిది. దాని తయారీదారులు ఆ చీటీల పద్ధతిమీదనే ఒక సీరియల్ తీగ వంటిదాన్ని తమ సొంత ఏర్పాటుగా కట్టారు. హెచ్‌సీ-05ను హెచ్‌ఎం-10తో కలపాలని ఎన్ని తంటాలు పడినా అవి కలవవు.

ఇప్పుడు మీ ఐఫోను సంగతి. ఐఫోనులో క్లాసిక్ బ్లూటూత్ ఉన్నది, పాటలు వినే హెడ్‌ఫోన్లు దానితోనే పనిచేస్తాయి. కానీ ఎస్‌పీపీ తరహా సీరియల్ సంభాషణకు మాత్రం ఆపిల్ సంస్థ ధ్రువీకరణ పథకంలో చేరిన పరికరాలనే అనుమతిస్తుంది. వందల రూపాయల హెచ్‌సీ-05కు ఆ గుర్తింపు లేదు కనుక మీ ఫోను దాన్ని పట్టించుకోదు. ఏ యాప్ వేసినా, ఏ సెట్టింగు మార్చినా ఫలితం ఉండదు. బీఎల్ఈకి ఆ అడ్డు లేదు. 2011లో వచ్చిన ఐఫోన్ 4ఎస్ మొదలుకొని ఎవరైనా యాప్ రాసి బీఎల్ఈ పరికరంతో మాట్లాడవచ్చు. ఆండ్రాయిడ్‌లో 2013 నాటి 4.3 వెర్షన్ నుంచి బీఎల్ఈ ఉన్నది, క్లాసిక్ ఎస్‌పీపీ అంతకు ముందునుంచీ ఉన్నది. కాబట్టి ఇంట్లో ఒక్క ఐఫోను ఉన్నా ట్యాంకు వంటి ఉమ్మడి పనికి బీఎల్ఈ తప్ప మార్గం లేదు, దుకాణదారు చెప్పిన మాట నిజమే. నా దగ్గరకు ఈ ప్రశ్నతో వచ్చేవారిలో ఎక్కువమంది బోర్డు ధర, దూరం, వేగం అడుగుతారు. అవతలి కొసన ఏ ఫోను ఉందో చెప్పనే చెప్పరు. నేను మాత్రం ముందుగా అదే అడుగుతాను, ఎందుకంటే ఆ ఒక్క జవాబుతో అంగట్లోని బోర్డుల్లో సగం పక్కకు పోతాయి.

దుకాణదారు చెప్పకుండా వదిలిన సంగతి ఒకటి ఉంది. బీఎల్ఈ మాడ్యూల్‌ను ఫోను సెట్టింగుల్లోని బ్లూటూత్ జాబితాలో వెతకకూడదు. హెచ్‌సీ-05కు ముందు సెట్టింగుల్లో పెయిరింగ్ చేసి, 1234 అనే పిన్ ఇచ్చి, ఆ తరువాత యాప్‌లోకి వెళ్లాలి. హెచ్‌ఎం-10కు ఆ తతంగం లేదు. నేరుగా యాప్ తెరిచి, అక్కడే స్కాన్ నొక్కి, అక్కడే కనెక్ట్ కావాలి. మీ ఐఫోనులో లైట్‌బ్లూ గానీ ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ గానీ వేసుకుని స్కాన్ చేస్తే మాడ్యూల్ పేరు కనబడాలి. దాన్ని నొక్కితే ఎఫ్ఎఫ్ఈ0 అనే సర్వీసు, అంటే చీటీల కట్ట, దాని కింద ఎఫ్ఎఫ్ఈ1 అనే క్యారెక్టరిస్టిక్, అంటే ఒక చీటీ, ఉంటాయి. రెండవదానికి నోటిఫై అనే మీట వేస్తే ఊనో పంపే అక్షరాలు రావడం మొదలవుతుంది. అయితే ఈ యాప్‌లు అక్షరాలను హెక్సాడెసిమల్, అంటే పదహారు ఆధారంగా రాసే, అంకెలలో చూపించడం మామూలు. ట్యాంకు 73 శాతం నిండిందని పంపితే తెర మీద 37 33 అని కనిపిస్తుంది. అది సెన్సర్ తప్పు కాదు, 7 అనే అక్షరానికీ 3 అనే అక్షరానికీ ఉన్న సంకేతాలవి. చూపే పద్ధతిని టెక్స్ట్‌కు మార్చుకుంటే 73 అనే కనిపిస్తుంది. మీవారి ఫోనులో సీరియల్ బ్లూటూత్ టెర్మినల్ అనే యాప్ వేయించండి, అందులో క్లాసిక్‌కు ఒక జాబితా, బీఎల్ఈకి వేరొక జాబితా ఉంటాయి కనుక మీ రెండు మాడ్యూళ్లనూ దానితోనే పరీక్షించవచ్చు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు ఉన్న ఫోన్లలో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే బీఎల్ఈ స్కాన్ ఖాళీగా వస్తుంది. 12 నుంచి సమీప పరికరాలు అనే వేరే అనుమతి అడుగుతుంది. మాడ్యూల్ పాడైందని తిరిగి ఇవ్వడానికి వెళ్లేవారిలో కొందరు నిజానికి ఈ అనుమతిని కాదని నొక్కినవారే.

ఇక హెచ్‌సీ-05 నుంచి వస్తున్న పిచ్చి గుర్తులు. ఇది దాదాపు ఎప్పుడూ బాడ్ రేటు, అంటే సీరియల్ వేగం కుదరకపోవడం వల్ల వచ్చేదే. ఈ మాడ్యూల్‌కు రెండు అవస్థలు, అంటే పనిచేసే తీరులు, ఉన్నాయి. మామూలుగా డేటా పంపే అవస్థలో సాధారణంగా 9600 వేగంతో పనిచేస్తుంది. పేరు, పిన్ మార్చడానికి వాడే కమాండ్ అవస్థలో 38400 వేగంతో పనిచేస్తుంది. కమాండ్ అవస్థ కోసం ఎవరో రాసిన ఉదాహరణను మీ అబ్బాయి యథాతథంగా తెచ్చుకుని అందులోని 38400ను అలాగే ఉంచేసి ఉంటాడని నా అనుమానం. మాడ్యూల్‌తో మాట్లాడే వరుసలో 9600 అని మార్చి చూడమనండి. ఊనోలో ఉన్న అసలు సీరియల్ పోర్టు ఒక్కటే, అది కంప్యూటర్‌కు పోయే యూఎస్‌బీతో పంచుకున్నది. మాడ్యూల్‌ను 0, 1 పిన్నులకు కలిపితే ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు తీగలు పీకవలసి వస్తుంది. అందుకని చాలామంది సాఫ్ట్‌వేర్ సీరియల్ అనే లైబ్రరీతో వేరే పిన్నులకు కలుపుతారు. అది 9600 దగ్గర నిలకడగా ఉంటుంది, 115200 దగ్గర అక్షరాలు మింగుతుంది. నీటి మట్టం చెప్పడానికి 9600 ఎంతో ఎక్కువ, వేగం పెంచాలనే ఉబలాటం వద్దు.

మాడ్యూల్ మీది చిన్న దీపాన్ని చదవడం నేర్చుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. హెచ్‌సీ-05లో దీపం గబగబా కొట్టుకుంటుంటే ఎవరూ కనెక్ట్ కాలేదని అర్థం. రెండు సార్లు టకటక వెలిగి కాసేపు ఆగుతుంటే కనెక్ట్ అయిందని అర్థం. సుమారు రెండు సెకన్లు వెలిగి, రెండు సెకన్లు ఆరుతూ నింపాదిగా ఉంటే కమాండ్ అవస్థలో ఉన్నదని అర్థం. సెట్టింగుల్లో జత అయినట్టు చూపించినా దీపం గబగబా కొట్టుకుంటూనే ఉంటుంది, ఎందుకంటే జత కావడం వేరు, కనెక్ట్ కావడం వేరు. నిశ్చితార్థం జరిగినంత మాత్రాన కాపురం మొదలైనట్టు కాదు గదా. యాప్ లోపలినుంచి కలిపినప్పుడే దీపం తీరు మారుతుంది. కమాండ్ అవస్థలోకి వెళ్లాలంటే బోర్డు మీది చిన్న బటన్‌ను నొక్కిపట్టి అప్పుడు కరెంటు ఇవ్వాలి. వెనుక జెడ్‌ఎస్-040 అని అచ్చు ఉన్న బోర్డుల్లో ఈఎన్ అనే పిన్ను దీనికి పనికిరాదు. అది వోల్టేజీ రెగ్యులేటర్‌ను ఆపడానికీ తెరవడానికీ పెట్టినది.

మూడు రెసిస్టర్ల మాట ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే అన్నింటికంటే తేలికగా విస్మరించేది ఇదే. ఊనో 5 వోల్టుల బోర్డు. హెచ్‌సీ-05, హెచ్‌ఎం-10 రెండింటి లోపలా ఉన్న చిప్‌లు 3.3 వోల్టులవి. బోర్డు మీద రెగ్యులేటర్ ఉన్నది కనుక కరెంటు తీసుకునే వీసీసీ పిన్నుకు 5 వోల్టులు ఇచ్చినా ప్రమాదం లేదు. ఆ ధైర్యంతో అక్షరాలను అందుకునే ఆర్‌ఎక్స్ పిన్నుకు కూడా 5 వోల్టుల తీగ తగిలిస్తారు. ఆ పిన్నుకు మాత్రం రెగ్యులేటర్ రక్షణ లేదు. చాలా బోర్డుల వెనుక లెవెల్ 3.3 వోల్టులు అని అచ్చు వేసి ఉన్నదే ఈ సంగతి చెప్పడానికి. నేరుగా కలిపినా వెంటనే పోదు, అదే చిక్కు. వారం పనిచేసినదాన్ని చూసి ఇది సరైన పద్ధతే అనుకుంటాము. మీరు తరగతిలో చెప్పే వోల్టేజి విభాజకమే ఇక్కడ మందు. ఊనోలో అక్షరాలను పంపే టీఎక్స్ పిన్ను నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు, ఆ ఆర్‌ఎక్స్ దగ్గర నుంచి 2 కిలో ఓమ్‌లు గ్రౌండుకు కలపాలి. ఐదులో మూడింట రెండు వంతులు, అంటే 3.33 వోల్టులు మాత్రమే మాడ్యూల్‌కు అందుతాయి. 2 కిలో ఓమ్ ప్రత్యేకంగా వెతకనక్కరలేదు, 1 కిలో ఓమ్‌వి రెండు వరుసగా కలిపితే అదే. అందుకే మూడు అన్నాను. తిరుగు దిశలో, మాడ్యూల్ టీఎక్స్ నుంచి ఊనో ఆర్‌ఎక్స్‌కు, రెసిస్టర్లు అవసరం లేదు. ఊనోలోని చిప్ 5 వోల్టుల మీద నడిచేటప్పుడు 3 వోల్టులు దాటినదాన్ని ఒకటిగానే లెక్కిస్తుంది. టీఎక్స్ ఎప్పుడూ ఎదుటివారి ఆర్‌ఎక్స్‌కు పోవాలని మీకు చెప్పనక్కరలేదు. వీసీసీ, గ్రౌండు తారుమారు కాకుండా మాత్రం రెండుసార్లు చూసుకోమనండి. ఒక రాత్రి నిద్రమత్తులో నేను తారుమారు చేసి ఒక మాడ్యూల్‌ను రెండు సెకన్లలో వేడి బిళ్లగా మార్చాను, ఆ వాసన ఇంకా గుర్తుంది.

మీకు దొరికిన హెచ్‌ఎం-10 అసలుదేనా అన్నది మరొక ప్రశ్న. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత ఈ బోర్డులకు బాగా అతుకుతుంది. అసలు హెచ్‌ఎం-10ను చైనాలోని జినాన్ హువామావో అనే సంస్థ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లతో తయారుచేసింది. దాన్ని పోలిన సీసీ41-ఏ, ఏటీ-09, ఎంఎల్‌టీ-బీటీ05 అనేవి అదే ఆకారంలో, తరచు అదే పేరుతో అమ్ముడవుతున్నాయి. తేల్చుకోవడానికి సులువైన దారి కమాండ్లు. ఊనో ద్వారా మాడ్యూల్‌కు ఏటీ అనే రెండక్షరాలు పంపితే ఓకే అని జవాబు రావాలి. సీరియల్ మానిటర్‌లో లైన్ ఎండింగ్, అంటే వరుస ముగింపు గుర్తు, ఏదీ లేకుండా పంపినప్పుడు జవాబిస్తే అసలుదని, క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే ముగింపు గుర్తులు రెండూ చేర్చినప్పుడే జవాబిస్తే పోలికదని సామాన్యంగా చెప్పవచ్చు. అసలుదాని మీద 32 కిలోహెర్ట్జ్ చిన్న స్ఫటికం ఒకటి అదనంగా ఉంటుంది, పోలికల్లో చాలావాటికి ఉండదు. అయితే పోలికది వచ్చినందుకు దిగులు పడవద్దు. ట్యాంకు అంకె ఫోనుకు చేరవేయడానికి అది చాలు, ఎఫ్ఎఫ్ఈ0, ఎఫ్ఎఫ్ఈ1 కూడా సాధారణంగా అవే ఉంటాయి. రెండు మాడ్యూళ్లను తమలో తాము కలపడం, నిద్రావస్థకు పంపి బ్యాటరీ ఆదా చేయడం వంటి పనుల దగ్గరే పోలికల అసలు రంగు బయటపడుతుంది. హెచ్‌సీ-05 విషయంలోనూ ఇదే తంతు. మొదట్లో కేంబ్రిడ్జికి చెందిన సీఎస్‌ఆర్ సంస్థ చిప్‌తో వచ్చేది, ఇప్పుడు పేరు అదే ఉంచి లోపల వేరే చిప్ పెట్టినవి కూడా అంగట్లో ఉన్నాయి.

బీఎల్ఈలో ఒక పరిమితి మీకు తప్పక ఎదురవుతుంది కనుక ముందే చెబుతున్నాను. హెచ్‌ఎం-10 ఒక విడతకు 20 బైట్లే పంపుతుంది. అంకెలకు, ఇంగ్లీషు అక్షరాలకు ఒక్కో బైటు చాలు. తెలుగులో, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతి ప్రకారం, ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ మూడేసి బైట్లు పడతాయి. నీటి మట్టం అనే చిన్న మాటకే ఖాళీతో కలిపి 28 బైట్లు కావాలి. పిల్లవాడు ఉత్సాహంగా తెలుగులో వాక్యం పంపితే మాట మధ్యలో తెగి, రెండు ముక్కలుగా వచ్చి, తెగిన చోట చదరపు డబ్బాలు కనిపిస్తాయి. బోర్డు నుంచి అంకె మాత్రమే పంపి, తెలుగు మాటలను యాప్ వైపు రాసుకోవడం మేలు. ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో అటువంటి యాప్‌ను పెట్టెలు పేర్చినట్టు కట్టుకోవచ్చు. క్లాసిక్ బ్లూటూత్‌కు అందులో సొంత పరికరం ఉన్నది, బీఎల్ఈకి ఒక ఎక్స్‌టెన్షన్ చేర్చుకోవాలి.

దూరం సంగతికి వస్తే ఈ మాడ్యూళ్లకు అడ్డు లేని చోట పది మీటర్లు అని చెబుతారు. మీ ఇంట్లో ట్యాంకుకూ హాలుకూ మధ్య రెండు కాంక్రీటు స్లాబులు ఉన్నాయి, వాటిలో ఇనుప కడ్డీలు ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు కూడా బాగా పీల్చుకుంటాయి. ట్యాంకు చాటున మాడ్యూల్ పెట్టి కింద హాల్లో కూర్చుని చూడాలనుకుంటే నిరాశ తప్పదు. బిగించే ముందే మాడ్యూల్‌ను అనుకున్న చోట ఉంచి, ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి చూడమనండి. ఆ పరీక్షకు పవర్ బ్యాంకు వాడితే ఒక తిరకాసు ఉంది. ఇంత తక్కువ కరెంటు లాగే పరికరాన్ని చూసి చాలా పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి, తప్పు బ్లూటూత్ మీదకు పోతుంది. పాత ఫోను చార్జరు వాడండి. నా సలహా ఏమిటంటే, సెన్సర్, ఊనో పైన ట్యాంకు దగ్గర ఉండనిచ్చి, మాడ్యూల్‌ను మాత్రం నాలుగు తీగలతో కొంత దూరం లాగి మెట్ల గది లోపలి గోడకు తగిలించండి. 9600 వేగంలో నాలుగైదు మీటర్ల తీగ సాధారణంగా ఇబ్బంది పెట్టదు. పై విభాజకపు రెసిస్టర్లను మాత్రం మాడ్యూల్ ఉన్న కొసనే పెట్టండి. మెట్ల దారి గుండా తరంగాలు కిందికి దిగే అవకాశం స్లాబుల గుండా కంటే చాలా ఎక్కువ. వానకు తడవకుండా పెట్టే డబ్బా ప్లాస్టిక్‌దై ఉండాలి. ఇనుప డబ్బాలో పెడితే మూత వేసిన మరుక్షణమే మాడ్యూల్ మాయమవుతుంది.

సెన్సర్ గురించి ఒక్క మాట, అదీ పేరులోని గందరగోళం వల్ల. మీరు అల్ట్రాసోనిక్ అన్నది బహుశా హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అయి ఉంటుంది. హెచ్‌సీ అని మొదలైనంత మాత్రాన అది బ్లూటూత్ కుటుంబానిది కాదు. అలాగే హెచ్‌సీ-12 అని ఒకటి సీరియల్ మాడ్యూల్ పేరుతోనే దొరుకుతుంది గానీ అది వేరే రేడియో, ఏ ఫోనుతోనూ మాట్లాడదు. హెచ్‌సీ-ఎస్‌ఆర్04కు ట్యాంకు లోపలి తేమ పడదు, కొన్ని నెలలకే తుప్పు పడుతుంది. జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అనే తడికి తట్టుకునేది తీసుకోవచ్చు. దాని ముఖానికి సుమారు 20, 25 సెంటీమీటర్ల లోపు ఉన్నవి కనబడవు కనుక నిండు ట్యాంకు నీటి మట్టానికి అంత ఎత్తున బిగించాలి.

ఈ రెండు మాడ్యూళ్లలో ఏదైనా ఒకసారికి ఒక్క ఫోనుతోనే కలిసి ఉంటుంది. మీవారు చూసి యాప్ మూయకుండా ఫోను జేబులో వేసుకుంటే మీకు మాడ్యూల్ కనబడదు, అప్పుడు మళ్లీ పాడైందనే అనుమానం వస్తుంది. చూసినవారు డిస్‌కనెక్ట్ చేయాలన్న నియమం ఇంట్లో పెట్టుకోవలసిందే. పక్కింటి గోడ మన గోడకు ఆనుకునే ఉన్న ఊరిది. పిన్ పెట్టని హెచ్‌ఎం-10కు పక్కింటి కుర్రవాడూ కలవగలడు, 1234 పిన్ ఉన్న హెచ్‌సీ-05 కూడా అంతే. నీటి మట్టం ఎవరు చూసినా నష్టం లేదు. ఇదే దారిలో మోటారును వేయడం, ఆపడం కూడా చేద్దామని మీ అబ్బాయి అంటే మాత్రం ఇప్పటికి వద్దనండి. 230 వోల్టుల స్టార్టరు జోలికి వెళ్లే పని ఎలక్ట్రీషియన్ చేయవలసినది, ఆ ఆదేశం వచ్చే దారికి గట్టి తాళం ఉండవలసినది.

బొమ్మ కారుకు మీ హెచ్‌సీ-05 చక్కగా సరిపోతుంది, ఎందుకంటే నడిపేది మీవారి ఆండ్రాయిడ్ ఫోనుతో. ఇటువంటి పనికి ఎస్‌పీపీ ఎంతో సుఖం. ముందుకు అంటే ఒక అక్షరం, వెనక్కు అంటే ఒక అక్షరం, అంతే. మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు మాడ్యూల్ తెగిపోతుంటే మోటార్లకు వేరే బ్యాటరీ ఇచ్చి గ్రౌండులు మాత్రం కలపాలి. ఇక రెండు బోర్డులు మాట్లాడుకోవాలంటే వాటిలో ఒకటి మాస్టర్‌గా పిలవగలగాలి. హెచ్‌సీ-05 మాస్టర్ కాగలదు, స్లేవ్ కాగలదు. హెచ్‌సీ-06 పిలిస్తే పలకడమే గానీ తాను పిలవదు. కనుక రెండు హెచ్‌సీ-06లు కొంటే అవి ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. మీ దగ్గర ఉన్న హెచ్‌సీ-05ను రోల్ కమాండ్‌తో మాస్టర్‌గా మార్చి, బైండ్ కమాండ్‌తో అవతలిదాని చిరునామా ఇస్తే, కరెంటు రాగానే తనంతట తాను వెళ్లి కలుస్తుంది. అవతల హెచ్‌సీ-05 గానీ హెచ్‌సీ-06 గానీ ఉండవచ్చు. సాధారణంగా ఆరు పిన్నులున్నది 05, నాలుగు పిన్నులున్నది 06, అయినా అడిగి తీసుకోండి.

ఈఎస్‌పీ32 గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. ఊనో, మాడ్యూల్ రెండూ ఇంకా కొననివారు నన్ను అడిగితే నేను ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో తెచ్చిన ఈ బోర్డునే సూచిస్తాను. క్లాసిక్ బ్లూటూత్, బీఎల్ఈ, వైఫై మూడూ ఒక్క చిప్‌లోనే ఉన్నాయి, పైగా 3.3 వోల్టులదే కనుక మాడ్యూల్‌కు విభాజకమనే ప్రశ్నే రాదు. ట్యాంకు అంకెను వైఫై ద్వారా ఇంట్లో అందరి ఫోన్లకూ ఒకేసారి చూపించవచ్చు, ఒక్కరికే అనే పేచీ పోతుంది. మీరు మొదట అడిగిన సర్వార్థ సాధనానికి ఇది దగ్గరగా వస్తుంది. అయితే ఇక్కడా పేరు మోసం చేస్తుంది. పాత ఈఎస్‌పీ32లోనే క్లాసిక్ ఉన్నది. ఈఎస్‌పీ32-సీ3, ఈఎస్‌పీ32-ఎస్3 వాటిలో బీఎల్ఈ మాత్రమే ఉన్నది, ఈఎస్‌పీ32-ఎస్2లో బ్లూటూతే లేదు. సీ3 చవక అని తీసుకుని సీరియల్ బ్లూటూత్ ప్రోగ్రాం కంపైలు కావడం లేదని వాపోయినవారిని చూశాను. అలాగే 5 వోల్టుల సెన్సర్ కొలతను తిరిగి పంపే ఎకో పిన్నును దీనికి కలిపేటప్పుడు విభాజకం ఇటువైపు అవసరమవుతుంది. కానీ మీరు ఇప్పటికే ఊనో, రెండు మాడ్యూళ్లు కొని ఉన్నారు. ట్యాంకు పని పూర్తయ్యేవరకు మరొకటి కొనవద్దనే నా అభిప్రాయం. పిల్లవాడికి ఊనో మీద చేయి కుదిరింది, బోర్డు మారిస్తే కొత్త చిక్కులు పాత చిక్కులతో కలిసి ఏది ఎక్కడిదో తెలియకుండా పోతుంది.

ఎస్.పి. రోడ్డుకు వెళ్లేది రెసిస్టర్లకే అయితే అంత దూరం పోనక్కరలేదు, దగ్గరలోని రేడియో, టీవీ మరమ్మతు దుకాణంలో కూడా 1 కిలో ఓమ్ పావు వాట్‌వి దొరుకుతాయి. వాటి మీద గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలు ఉంటాయి. వెళ్లేట్టయితే ఆదివారం కాకుండా చూసుకోండి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. మూడు కాక పది తెచ్చుకోండి, కారుకు హెచ్‌సీ-05 బిగించేటప్పుడు మళ్లీ మూడు కావాలి. ముందు హెచ్‌సీ-05ను 9600 మీద మీవారి ఫోనుతో సరిచూసి, సెన్సర్ అంకెలు సరిగా వస్తున్నాయని తేలిన తరువాతనే దాన్ని తీసి అదే నాలుగు తీగలకు హెచ్‌ఎం-10 తగిలించమనండి. ప్రోగ్రాంలో ఒక్క వరుస కూడా మార్చనవసరం ఉండదు.